పదహారు పొయ్యిల గుహ

అటకమీద దుమ్ములో తల దూర్చి వెతుకుతున్న పాంగి దమయంతి నెత్తిన ఎండిన సొరకాయ బుర్ర ఒకటి ఠాప్‌మని పడి, నేలమీదికి జారి రెండు ముక్కలయింది.

"కాయితమా?" అని కింది నుంచి అత్త చిన్నాలమ్మ అడిగింది.

"నా కర్మ!" అంది దమయంతి.

మూడు రోజులుగా కరకగరువులోని ముప్పై ఒక్క ఇళ్ళ అటకలూ ఆమె గాలించింది. దొరికినవి ఎలుకలు తిన్న రేషను కార్డులు, ఎప్పటివో ఎన్నికల చీటీలు, ఒక సినిమా పోస్టరు. కావలసింది మాత్రం దొరకలేదు. రేపు పదిగంటలకు మండల ఆఫీసులో విచారణ. ఊరి వెనక కొండవాలు మీద ఈ జనం తరతరాలుగా రాగులు, సామలు పండించుకుంటున్నారు. ఆ వాలు తమదేనని ఋజువు చూపిస్తే ఊరికి పట్టా. లేకపోతే దాన్ని టేకు తోటకు ఇచ్చేస్తారు. "మీ పూర్వీకులు ఇక్కడే ఉన్నారనడానికి ఆధారమేది?" అని అధికారి ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు. ఊళ్ళో పదో తరగతి దాటింది దమయంతి ఒక్కతే. ఆశా కార్యకర్తగా మందులు పంచే పని చాలదన్నట్టు అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి పదవి కూడా ఆమె నెత్తినే పెట్టారు. వద్దంటే వినలేదు.

ఆమె విసురుగా అటక దిగింది. పగిలిన బుర్రలోంచి అడ్డతీగ నార తాడు ఒకటి బయటపడి ఉంది. దానికి మూడు ముడులు, ఒక్కో ముడిలోనూ ఎండి నల్లబడ్డ పొగాకు ముక్క.

"అత్తా, ఇదేటి?"

చిన్నాలమ్మ తాడు అందుకుని మురిపెంగా నిమిరింది. "మా అత్తోరి అత్త ముడేసిన తాడు. మనోళ్ళు తిరగబడ్డ పితూరీ నాళ్ళలో తెల్లదొర సిపాయిలు ఊళ్ళు తగలెడతంటే ఆడోళ్ళందరూ గుహలో దాక్కున్నారంట. మనకి వాలు ఇచ్చినట్టు రాసిన రాగిరేకు అక్కడే దాసినారంట. జాకరమ్మ రాయి కాడ్నించి గెడ్డమ్మట పైకెల్తే మూడు ముడులు."

"మూడు రోజుల్నించి ఊరంతా తిరగేస్తన్నాను కదత్తా! ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"నువ్వు కాయితం అడిగినావు. ఇది తాడు కదా."

దమయంతి కళ్ళు మూసుకుని పదివరకు లెక్కపెట్టుకుంది.

*

అదృష్టమో దురదృష్టమో, ఆ ఉదయమే సర్వేయరు కందాళ చక్రపాణి జీపులో ఊరికి వచ్చాడు. తాను కళ్ళారా చూసి ఫీల్డు బుక్కులో ఎక్కించి సంతకం పెడితేనే ఏ ఆధారమైనా ఆధారమని ఆయన దిగీదిగగానే ప్రకటించాడు. తలకు నున్నగా నూనె, చేతిలో గొడుగు, మెడలో ప్లాస్టిక్ సంచీ. సంచీలో ఫీల్డు బుక్కు.

"నాలుగింటికల్లా నేను జీపులో ఉండాలమ్మా," అన్నాడు ఆయన. "గుహ ఎంత దూరం?"

"దగ్గరే బాబూ!" అన్నాడు కిల్లో సుక్రు. తేనె కొట్టడంలో అతన్ని మించినవాడు ఆ కొండల్లో లేడు. దూరం చెప్పడంలో అతనంత నమ్మరానివాడూ లేడు. "ముడికో సుట్ట. పొగాకు ముక్క కనబడ్డం లేదా? సుట్ట ఎలిగించి నడక మొదలెడితే, అది అయిపోయినంత దూరం ఒక ముడి. మూడు సుట్టలే."

"చుట్టంటే ఎన్ని మీటర్లు?"

"అది కాల్సేవోడి బట్టి ఉంటాది బాబూ."

చక్రపాణి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో చుట్టలతో సర్వే చెయ్యడం ఇదే మొదలు."

"నడవండి బాబూ, నడవండి," అంది దమయంతి. "అత్తా, నువ్వింటికాడుండు."

"నేనొస్తాను," అని చిన్నాలమ్మ అప్పటికే ముందు నడుస్తోంది.

జాకరమ్మ రాయి దగ్గర సుక్రు మొదటి చుట్ట ముట్టించాడు. తొలకరి పడి వారమయింది. గెడ్డలో నీళ్ళు మోకాలి లోతున రాళ్ళమధ్య తళతళలాడుతున్నాయి. అడ్డతీగలు చెట్లను పెనవేసుకుని ఒడ్డుకు రెండువైపులా గోడలా నిలబడ్డాయి. తడి ఆకుల వాసన, కుళ్ళిన పనసపండ్ల వాసన గుప్పుమంటున్నాయి. సుక్రు పొగ వదులుతూ పరుగులాంటి నడకతో దూసుకుపోయి, వెనకవాళ్ళ కోసం మాటిమాటికీ ఆగుతున్నాడు. చక్రపాణి నూరడుగులకోసారి ఆగి పుస్తకంలో గీత గీస్తున్నాడు. చిన్నాలమ్మ దారిలో కనబడ్డ ప్రతి పుట్టగొడుగునూ కొంగులో వేసుకుంటోంది. వెళ్ళి ఒకరిని తోసుకొచ్చేలోగా ఇంకొకరు వెనకబడుతున్నారు. మేకలను తోలడం ఇంతకన్నా నయమనుకుంది దమయంతి.

మూడో చుట్ట పీక సుక్రు వేళ్ళను కాల్చిన చోట, ఒడ్డుమీద నల్లని రంధ్రం ఒకటి కనబడింది.

"సెప్పలేదా, దగ్గరేనని!" అని సుక్రు ఛాతీ విరుచుకున్నాడు.

"ఆగరా! ముందు రాయి ఇసురు!" అని చిన్నాలమ్మ అరిచింది.

అప్పటికే చక్రపాణి గొడుగు చంకన పెట్టుకుని, టార్చి వెలిగించి, గుహలోకి తల దూర్చాడు. లోపల ఏదో గుర్రుమంది. ఆయన తల ఎంత వేగంగా లోపలికి వెళ్ళిందో అంతకు పదింతల వేగంగా బయటికి వచ్చింది. వెనకే నల్లని బొచ్చుముద్ద ఒకటి దొర్లుకుంటూ వచ్చి రెండు కాళ్ళమీద లేచి నిలబడింది.

"ఎలుగు! ఎలుగు!"

"పరిగెట్టకండి బాబూ! గొడుగు! గొడుగు ఇప్పండి!" అని దమయంతి గొంతు చించుకుంది.

చక్రపాణి ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. గొడుగు బొత్తాం నొక్కాడు. నల్లని రెక్కలు ఠప్పున విచ్చుకునేసరికి ఎలుగు అదిరిపడి, పంజా ఒకటి విసిరి, గొడుగును పీలికలు చేసింది. సుక్రు రెండు రాళ్ళు కొట్టుకుంటూ కేకలు పెట్టాడు. జంతువు అసహ్యంగా గుర్రుమని, గెడ్డ దాటి, అవతలి వెదురుపొదల్లో పడి మాయమైంది.

గుహలో పనసగింజలు, ఎలుగు పేడ తప్ప ఏమీ లేవు. పట్టుమని పదిమంది పట్టే చోటు కూడా కాదది.

"నేను వెళ్ళిపోతున్నానమ్మా," అన్నాడు చక్రపాణి, గొడుగు ఊచలను చూసుకుంటూ. "ఆధారం లభించలేదు అని రాసుకుంటాను."

ఆ ఒక్క వాక్యంతో కొండవాలు పోతుంది. "ఒక్క నిమిషం బాబూ..." అంటూ దమయంతి వెనక్కి తిరిగితే, బండమీద కూర్చున్న చిన్నాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఏటత్తా నవ్వు? ఏటుందని నవ్వుతన్నావు?"

"ముడేసిందెవరు?"

"మీ అత్తోరి అత్త."

"ఆడదే కదా? ఆడది సుట్ట ఎలాగ కాలుస్తాది?"

దమయంతి నుదుటిమీద చేత్తో కొట్టుకుంది. ఈ కొండల్లో పెద్దతరం ఆడవాళ్ళది అడ్డచుట్ట. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగిస్తారు. గాలి తగలక అది నిదానంగా రగులుతుంది.

"సుక్రుగాడివి మూడు కాలితే నాది ఒకటి కాలేది. ఈడివి మూడు కాదు, తొమ్మిది ఎలిగించాల."

"అది బయల్దేరినప్పుడే సెప్పకూడదా!"

"సుట్ట మాట నా నోటెంట వస్తే అన్నం పెట్టనన్నావు కదే," అంది ముసలామె, ఎంతో అమాయకంగా.

అదీ నిజమే. రెండేళ్ళ కిందట అత్త నోట్లో తెల్లమచ్చ చూసి, ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళి, వచ్చాక ఇంట్లోని పొగాకంతా పెంటపోగులో తగలెట్టింది దమయంతే. అప్పటినుంచీ ఇంట్లో ఆ మాట నిషిద్ధం.

"పోనీ, ఒక్కటి ఎలిగించమంటావా? దూరం సరిగ్గా తేలిపోద్ది," అని చిన్నాలమ్మ ఆశగా చెయ్యి చాపింది.

దమయంతి ఆ చేతిని చూసింది, కొండవైపు చూసింది. అత్త కాలిస్తే లెక్కలో అనుమానం ఉండదు. కానీ ఆ తెల్లమచ్చ మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. "వద్దు. సుక్రూ, నువ్వే ఇంకో ఆరు కానీ."

"ఆరా! వదినా, నా ఊపిరి..."

"దగ్గరే కదా? కానీ!"

"ఈడి పరుగు కాదు," అంది చిన్నాలమ్మ లేస్తూ. "నెత్తిమీద కుండ, సంకలో పిల్ల, వెనకాల సిపాయిలు. అలాగ నడిసినారు ఆళ్ళు. నా ఎనకాల రండి."

*

ముసలామె ముందు, పొగ కక్కుతూ సుక్రు, వెనక దమయంతి. సర్వేయరు మాత్రం రానని మొండికేస్తే, ఇందాకటి ఎలుగు ఊరి దారివైపే వెళ్ళిందని దమయంతి గుర్తుచేసింది. ఆయన గబగబా వచ్చి వరసలో చేరాడు.

నడక నరకమే అయింది. చిన్నాలమ్మ అడుగు తీసి అడుగు వేస్తోంది. ఎదురుగా ఈదురుగాలి, పడమట మబ్బులు కాటుకలా పేరుకుంటున్నాయి. గెడ్డ ఇరుకై, రాళ్ళు పెద్దవై, ఎక్కడికక్కడ చేతులూ మోకాళ్ళూ వాడవలసి వచ్చింది. ఏడో చుట్ట దగ్గర సుక్రుకు దగ్గు మొదలయింది. ఎనిమిదో దాంట్లో సగానికి అతను ఒక చెట్టును కౌగిలించుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"తేనెపట్టుకి పొగెట్టినప్పుడు ఈగలకి ఎలాగుంటాదో ఇప్పుడు తెలిసింది వదినా," అన్నాడు కళ్ళ నీళ్ళతో.

"తొందరగా తెలిసింది. ఇంకొక్కటి."

తొమ్మిదో చుట్ట ఆరిన చోట ముందు గుహ ఏదీ కనబడలేదు. అవతలి ఒడ్డున నిలువు బండ, దాని మీంచి కిందికి వేలాడుతున్న జువ్విచెట్టు ఊడలు. దమయంతికి ఏడుపొచ్చింది. చిన్నాలమ్మ మాత్రం రెప్ప వెయ్యకుండా ఊడలవైపే చూస్తోంది.

"గాలి కొడతంటే ఊడలు లోపలికెలతన్నాయి, సూడు. బండుంటే లోపలికెలాగ ఎల్తాయి?"

నిజమే. ఊడల వెనక చీకటి నోరు తెరుచుకుని ఉంది.

నలుగురూ మోకాలి లోతు నీళ్ళు దాటారు. సుక్రు ఊడ పట్టుకుని కోతిలా పైకి పాకి, నడుముకున్న తాడు విప్పి కిందికి వదిలాడు. చిన్నాలమ్మ చకచకా ఎక్కేసింది. చక్రపాణిని కిందినుంచి దమయంతి తోస్తే, పైనుంచి సుక్రు లాగాడు. మధ్యలో ఆయన నిబంధనలు తలుచుకుంటూనే ఉన్నాడు. సందు ఎంత ఇరుకంటే పొట్టమీద పాకాలి. గబ్బిలాలు ముఖాలమీదుగా రెపరెపలాడాయి. పాతికగజాలు పాకాక చేతికింద నేల విశాలమై, టార్చి వెలుగు పోయి ఎక్కడో దూరంగా గోడను తాకింది.

ఊరి సభ మొత్తం కూర్చోగలిగినంత గుహ అది.

"రాగిరేకు!" అంటూ దమయంతి ముందుకు దూకింది. మూలమూలా వెతికింది. రాళ్ళు కదిపింది, బూడిద కెలికింది, గోడ పగుళ్ళలో చేతులు పెట్టింది. మోచేతులు గీసుకుపోయాయి. రేకు లేదు, దాని ముక్క కూడా లేదు. ఎలుగు, వాంతులు, తొమ్మిది చుట్టలు... ఇంతా చేసి చివరికి బూడిద! ఆమె నేలమీద చతికిలబడి తల పట్టుకుంది. రేపు పదిగంటలకు ఆ ఆఫీసులో ఏ ముఖంతో నిలబడాలి? ఊళ్ళో ఆడవాళ్ళు వాలుమీద సామలు చల్లి నాలుగు రోజులే అయింది.

ఆ పక్కన టేపు సర్రుమంటున్న చప్పుడు వినబడింది. చక్రపాణి మోకాళ్ళమీద కూర్చుని నేలను కొలుస్తున్నాడు.

"ఏటి కొలుస్తన్నారు బాబూ? రేకు లేదు కదా," అంది నీరసంగా.

"పొయ్యిలు," అన్నాడు ఆయన తల ఎత్తకుండా. "పదహారున్నాయి. ఒక్కో పొయ్యి పక్కన బండలో తొలిచిన రోలు. అడుగు నున్నగా అరిగింది చూడండి. ఒక్క వానకాలంలో అరిగే అరుగుడు కాదిది. ఏళ్ళతరబడి రాగులు దంచితేనే ఇలా అవుతుంది."

"అయితే?"

"అయితే ఏమిటమ్మా! మీరు కాగితం కాగితం అని ఊరికే ప్రాణాలు తీసుకుంటున్నారు. పాత కట్టడాలు, రోళ్ళు, సమాధి రాళ్ళు కూడా ఆధారాలేనని నిబంధనల్లో ఉంది. అధికారి చూసి రాసుకోవాలి, అంతే."

దమయంతి నోరు తెరిచింది. "ఈ మాట పొద్దున్న జీపు దిగినప్పుడు సెప్పకూడదా?"

"మీరు అడగలేదు కదమ్మా."

ఆమె మళ్ళీ పదివరకు లెక్కపెట్టుకోవలసి వచ్చింది. ఈసారి పాతికదాకా పోయింది.

ఆయన పదహారో రోలు లోతు కొలిచి, పటం గీసి, తేదీ వేసి, పుస్తకం మూసి ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూతి బిగించాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి సుక్రు పొలికేక పెట్టాడు.

"వదినా! కుండ! కుండ!"

గోడ అడుగున రాళ్ళు పేర్చి మూసిన గూట్లోంచి అతను ఒక నల్లకుండను లాగాడు. మూతికి పెట్టిన లక్క పగలగొట్టగానే టార్చి వెలుగులో వెండి కంటెలు, కడియాలు, మురుగులు మిలమిల మెరిశాయి. దమయంతి చెయ్యి లోపలికి పెట్టి అడుగుదాకా తడిమింది. వెండే, రేకు కాదు. అయినా ఆ వెండి బరువు చేతికి తగిలేసరికి ఊళ్ళో కారుతున్న కప్పులన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"ఇది నిధి," అన్నాడు చక్రపాణి. "దీనికి వేరే ఫారం ఉంది. కలెక్టరు గారికి తెలపాలి. పేపర్లో వస్తుంది."

"పేపర్లో వస్తే పలుగులు పట్టుకుని జిల్లా అంతా దిగుతాది," అంది చిన్నాలమ్మ మెల్లగా. "ఈ పొయ్యిలు ఉంచరు, రోళ్ళూ ఉంచరు."

దమయంతి జవాబు ఇవ్వబోయింది. ఇంతలో కొండ కడుపులోంచి ఏదో ఉరిమినట్టయింది. సుక్రు చెవి రిక్కించాడు. అతని ముఖంలో నవ్వు చచ్చిపోయింది.

"ఉరుం కాదు. గెడ్డ దిగతంది! పైన వాన పడిపోయింది! పదండి, పదండి!"

*

పాక్కుంటూ, దొర్లుకుంటూ బయటికి వచ్చేసరికి మోకాలి లోతు గెడ్డ నడుమును దాటింది. ఎర్రనీళ్ళు కొమ్మలను, మొద్దులను మోసుకుంటూ హోరుమంటున్నాయి. వానధారకు కళ్ళు తెరుచుకోవడం లేదు.

"ఇంకో గడియ ఆగితే నాలుగు రోజులు ఇక్కడే!" అని సుక్రు అరిచాడు. తాడు కొసను ఊడకు కట్టి, ఇంకో కొసను పళ్ళతో పట్టుకుని నీళ్ళలోకి దూకాడు. రెండుసార్లు మునిగి, మూడోసారి అవతలి చెట్టు మొదలు కరిచిపట్టుకున్నాడు. తాడు బిగిసింది.

ముందు చిన్నాలమ్మ దాటింది. తర్వాత చక్రపాణి. ఆయన వెనకే, ఎడమచంకలో వెండికుండను అదుముకుని, కుడిచేత్తో తాడు పట్టుకుని దమయంతి.

నడిగెడ్డలో మొద్దు ఒకటి వచ్చి చక్రపాణి కాళ్ళను కొట్టింది. ఆయన తాడు వదిలేశాడు. కళ్ళజోడు ఎగిరిపోయింది. నీళ్ళు ఆయనను గిర్రున తిప్పి దమయంతి పక్కనుంచి ఈడ్చుకుపోతున్నాయి. మెడలోని ప్లాస్టిక్ సంచీ ఒక్కటే తెల్లగా పైకి తేలుతోంది.

ఆమెకున్నవి రెండు చేతులు. ఒకటి తాడుమీద, ఒకటి కుండమీద.

"కుండ వదలకు వదినా! వదలకు!" అని సుక్రు గోలపెట్టాడు.

దమయంతి కుండ వదిలేసింది. అది బుడుంగుమని మునిగిపోయింది. ఆమె ఎడమచెయ్యి చాపి సర్వేయరు మణికట్టును దొరకబుచ్చుకుంది.

"పట్టుకోండి! వదిలితే సంపేస్తాను!" అని ఆయన ముఖంలో ముఖం పెట్టి అరిచింది. "సంతకం పెట్టాల్సిన చెయ్యది!"

ఒడ్డునుంచి సుక్రు, చిన్నాలమ్మ తాడును ప్రాణం పెట్టి లాగారు. నలుగురూ బురదలో కుప్పగా పడ్డారు. గెడ్డ వెండిని ఏ రాళ్ళకిందికో దొర్లించుకుంటూ హోరుమంది.

"నూరేళ్ళ వెండి!" అని సుక్రు తల కొట్టుకున్నాడు. "ఒక్క కంటె అయినా జేబులో ఏసుకోపోతిని."

చక్రపాణి దగ్గి, నీళ్ళు కక్కి, లేచి కూర్చున్నాడు. మొదట సంచీ తడుముకున్నాడు. మూతి బిగిసే ఉంది. వంగి, ఒంటిచాటున పుస్తకం తీసి, కళ్ళకు ఆనించుకుని చూశాడు. పొడిగా ఉంది.

"బాబూ, ఆ కుండ సంగతి..." అని దమయంతి మొదలుపెట్టింది.

"ఏ కుండ?" అన్నాడు ఆయన. "పదహారో రోలు కొలిచి పుస్తకం మూసేశాను. పుస్తకంలో లేనిది నేను చూడలేదమ్మా. అది నిబంధన."

పొద్దుటినుంచి ఆ మాట వింటే ఒళ్ళు మండిన దమయంతికి ఇప్పుడు ఆయనకు దండం పెట్టాలనిపించింది. అంతలోనే ఆయన పెన్ను విదిలించి, "సాక్షి వాంగ్మూలం కావాలి. ఇక్కడే, ఇప్పుడే, మూడు కాపీలు," అన్నాడు. దండం ఆలోచన మానేసింది.

సుక్రు నాలుగు అడ్డాకులు కుట్టి, ఆకుగొడుగులా గిడుగు చేసి ఇచ్చాడు. దాన్ని పుస్తకంమీద పట్టుకుని దమయంతి కూర్చుంది.

"ఆ పొయ్యిలు ఎవరెవరివో తెలిసినవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు చక్రపాణి.

"నాకు తెలుసు," అంది చిన్నాలమ్మ. తడికొంగు పిండుకుని బాసింపట్టు వేసుకుంది. "కొత్తల పండగకి మా అత్త పేరు పేరునా తలిసి అన్నం ఏసేది. రాస్కోండి. మొదటిది పాంగి రాస్మోది. రెండోది కొర్రా సోనాయిది. మూడోది గదబోళ్ళ పిల్ల ముక్తది, కడుపుతో ఉండేది. నాలుగోది ఒడియా మాటాడే కుమ్మరోళ్ళది, కుండలు సేసింది ఆళ్ళే. ఐదోది వంతాల బొజ్జమ్మది. ఆరోది కింద మైదానం నించి పారిపోయొచ్చిన సాలోళ్ళది. మన మాట రాదు, అయినా మన రోట్లోనే దంచుకున్నారు..."

"ఆగండి, ఆగండి!" అన్నాడు చక్రపాణి, కళ్ళజోడు లేని కళ్ళు చిట్లించి. "ఇంటిపేరు ఏది, పేరు ఏది? కలిసిపోయాయి. సోనాయి తర్వాత ఎవరన్నారు?"

ముసలామె కొడుకును చూసినట్టు ఆయనను జాలిగా చూసింది. "మొదట్నించి సెప్తాను."

వాన తగ్గలేదు. జీపు వేళ దాటిపోతోంది. దమయంతి చెయ్యి నొప్పెట్టి గిడుగును రెండో చేతికి మార్చుకుంది.

"సెప్పత్తా," అంది. "నెమ్మదిగానే సెప్పు."